నాలో నేనే కొట్టుకుంటుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి పడుకోబోయే ముందు ఐదు గంటలకి అలారం పెట్టేది ఒకరు. పొద్దున్నే దాన్ని నొక్కేసి ముసుగు తన్నేది ఇంకొకరు. ఇద్దరి పేరూ మీదే. ఇలాంటి ఇద్దరి మధ్య నలుగుతూ నేను చాలా ఏళ్ళు గడిపాను. నేను సైకాలజిస్టుని కాను. కొన్నాళ్ళు కౌన్సెలింగ్‌కి వెళ్ళాను, కొంత చదివాను, మిగతాదంతా నా మీద నేనే ప్రయోగం చేసి తెలుసుకున్నాను. తెలిసినవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలకి ఒకేచోట జవాబులు రాద్దామని ఈ ప్రయత్నం.

నాలో ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్నట్టు అనిపిస్తుంది. ఇది మామూలేనా?

మామూలే. మన భాషనే చూడండి. 'మనసుకి నచ్చజెప్పుకున్నాను' అంటాం. 'మనసు చంపుకుని వెళ్ళాను', 'ఎంత చెప్పినా మనసు ఒప్పుకోలేదు' అంటాం. నచ్చజెప్పింది ఎవరు, ఒప్పుకోనిది ఎవరు అని ఎదుటివాళ్ళు మనల్ని నిలదీయరు, వాళ్ళకీ అర్థమైపోతుంది. ఒకే మనిషిలో పలు గొంతులుంటాయని తెలుగు మాట్లాడేవాళ్ళకి కొత్తగా నేర్పక్కర్లేదు.

కష్టమల్లా ఆ గొంతులు శత్రువులవి కావని నమ్మడంలోనే ఉంది. కోపాన్ని జయించాలి, బద్ధకాన్ని చంపాలి, భయాన్ని తరిమికొట్టాలి అంటూ అన్నీ యుద్ధం మాటలే విని పెరిగాం. నేను ఈ యుద్ధం చాలాకాలం చేశాను. ఓడిపోయిన ప్రతిసారీ ఓడింది నేనే, గెలిచిన ప్రతిసారీ కూడా ఎక్కడో దెబ్బ తగిలింది నాకే.

ఇది స్ప్లిట్ పర్సనాలిటీ కాదు కదా?

కాదు. సినిమాల్లో చూపించే ఆ పరిస్థితిని ఇప్పుడు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటారు. అంతకుముందు ఉన్న మల్టిపుల్ పర్సనాలిటీ అనే పేరుని అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం 1994లో మార్చింది. అందులో ప్రధానమైన లక్షణం జ్ఞాపకాల మధ్య ఖాళీలు. రోజువారీ సంగతులు, చేసిన పనులు, వెళ్ళిన చోట్లు మామూలు మరపుతో సరిపెట్టుకోలేనంతగా గుర్తుండవు. అలారం నొక్కేసిన మనిషికి నొక్కినట్టు గుర్తుంటుంది, పైగా సిగ్గుగా కూడా ఉంటుంది. తేడా అక్కడుంది.

స్కిజోఫ్రీనియాని కూడా చాలామంది దీంతో కలిపేస్తారు. అదీ వేరే జబ్బు. తమాషా ఏమిటంటే 1908లో ఆ పేరు పెట్టిన స్విస్ వైద్యుడు యూజెన్ బ్లాయిలరే 1910లో 'యాంబివలెన్స్' అనే మాటనీ పుట్టించాడు. ఒకే మనిషిని లేదా ఒకే పనిని ఒకే సమయంలో కోరుకోవడం, వద్దనుకోవడం. మనం ఊగిసలాట అంటామే, దాదాపు అదే. మొదటిది జబ్బు పేరుగానే మిగిలింది. రెండోది ఆస్పత్రి దాటి వచ్చి మనందరి సంగతీ అయిపోయింది.

ఈ 'భాగాలు' నిజంగా ఉన్నాయా? మెదడులో ఎక్కడుంటాయి?

స్కానింగ్ తీస్తే ఇదిగో ఇది మీ కోపం భాగం, అది మీ భయం భాగం అని ఎవరూ చూపించలేరు. 'భాగం' అనేది ఒక మాట్లాడే పద్ధతి. ఒక రకమైన పరిస్థితి ఎదురవగానే కలిసికట్టుగా లేచే ఆలోచనలు, భావాలు, ఒంటి తీరు, అలవాట్లు అన్నిటికీ కలిపి పెట్టిన పేరు.

అయితే మనసు ఒక్కటే గది కాదనడానికి మెదడు పరిశోధనల్లో మంచి సాక్ష్యం ఉంది. మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాల్నీ కలిపే నరాల కట్టని కోసేసిన రోగుల మీద మైకేల్ గజానిగా, జోసెఫ్ లెడూ 1970లలో చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక రోగి ఎడమ మెదడుకి కోడి కాలు బొమ్మ, కుడి మెదడుకి మంచు దృశ్యం చూపించారు. ఎడమ మెదడు కుడి చేతిని, కుడి మెదడు ఎడమ చేతిని నడుపుతాయి. ముందున్న బొమ్మల్లోంచి కుడి చెయ్యి కోడిని ఎంచుకుంది, ఎడమ చెయ్యి పారని ఎంచుకుంది. మంచు ఎత్తిపోయడానికి పార, సరిగ్గానే ఉంది. కానీ మాట్లాడేది ఎడమ మెదడు. దానికి మంచు సంగతి తెలియదు. పార ఎందుకని అడిగితే తడుముకోకుండా, కోళ్ళ షెడ్డు శుభ్రం చేయడానికి అని చెప్పింది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత కాస్త భయమేసింది. 'నేనెందుకలా చేశానో నాకు బాగా తెలుసు' అని ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చింది.

ఈ ఆలోచన మొదట ఎవరిది?

ఎవరో ఒకరిది కాదు. కఠోపనిషత్తులో రథం పోలిక ఉంది: ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గాలు, బుద్ధి సారథి. గ్రీకు తత్వవేత్త ప్లేటో కూడా రథాన్నే తీసుకున్నాడు, అందులో ఒక గుర్రం చెప్పినట్టు వింటుంది, ఇంకోటి వినదు. ఆధునిక సైకాలజీలోకి వస్తే ఫ్రాయిడ్ 1923లో మనసుని ఇడ్ (కోరికలు), ఈగో (సర్దిచెప్పే నేను), సూపర్ ఈగో (మంచిచెడ్డలు చెప్పే గొంతు) అని మూడు చేశాడు. స్విస్ సైకియాట్రిస్టు యుంగ్ మనలో మనం ఒప్పుకోని ముఖాన్ని 'నీడ' అన్నాడు. ఇటలీకి చెందిన రొబెర్తో అసాజోలి లోపలి ఈ మనుషుల్ని 'ఉపవ్యక్తిత్వాలు' అన్నాడు. ఎరిక్ బెర్న్ ప్రతి ఒక్కరిలో తల్లిదండ్రులు, ఎదిగిన మనిషి, పసివాడు ఉంటారన్నాడు.

నాకు బాగా ఉపయోగపడింది రిచర్డ్ ష్వార్ట్స్ పద్ధతి. ఆయన కుటుంబాలకి థెరపీ చేసేవాడు. 1980లలో తిండి విషయంలో అదుపు తప్పే రోగులతో పనిచేస్తుంటే, వాళ్ళు తమ లోపలివాళ్ళ గురించి అచ్చం ఇంట్లో మనుషుల గురించి చెప్పినట్టే చెప్పడం గమనించాడు. ఒకరు తిడతారు, ఒకరు దాక్కుంటారు, ఒకరు ఇద్దరినీ మరిపించడానికి ఇంకేదో చేస్తారు. కుటుంబం మీద వాడే పద్ధతినే లోపలి మనుషుల మీద వాడి చూశాడు. దానికే ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ అని పేరు. సీబీటీ (ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చే థెరపీ) మీద జరిగినంత పరిశోధన దీని మీద ఇంకా జరగలేదు. అది మనసులో పెట్టుకునే చదవండి.

ఆయన లెక్కలో భాగాలు మూడు రకాలు. మొదటి రకం మేనేజర్లు: అంతా ముందే సర్దేసి, తప్పు జరగకుండా చూసుకునేవాళ్ళు. రెండో రకం మంటలార్పేవాళ్ళు: బాధ ఎగదన్నగానే తాగడమో, తినడమో, గంటలకొద్దీ ఫోన్ చూడటమో, ఏదో ఒకటి చేసి దాన్ని ఆర్పేవాళ్ళు, ఇల్లు తడిసినా సరే. మూడో రకం, ఆ బాధని మోస్తూ లోపల వెలివేతలో ఉన్నవాళ్ళు. మొదటి రెండు రకాలూ పగలూ రాత్రీ కష్టపడేది ఈ మూడోవాళ్ళు బయటికి రాకుండానే.

చెడ్డ భాగాన్ని తీసేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

అందరూ మొదట అడిగేది ఇదే. నేనూ ఇదే అడిగాను.

1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు విద్యార్థుల్ని కూర్చోబెట్టి ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు. ఆలోచన వస్తే గంట కొట్టాలి. నిమిషానికి ఒకసారికి పైనే గంట మోగింది. అసలు విశేషం తర్వాత జరిగింది. 'సరే, ఇప్పుడు ఆలోచించండి' అన్నప్పుడు, మొదటినుంచీ ఆలోచించమన్నవాళ్ళకంటే ఈ అణచుకున్నవాళ్ళకే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది. తలుపేసి బయట నిలబెట్టినది, తలుపు తీయగానే రెట్టింపు బలంతో లోపలికొస్తుందన్నమాట.

ఒక్క ఆలోచనకే ఇలా ఉంటే, ఇరవై ఏళ్ళుగా మీలో ఉన్న కోపాన్నో భయాన్నో తీసేయడం ఎలా కుదురుతుంది? దాన్ని తీసేయాలనుకునేది ఎవరు? అది కూడా ఇంకో భాగమే, చాలావరకు తిట్టే భాగం. అంటే ఇద్దరు కొట్టుకుంటుంటే మీరు ఒకరి పక్షాన చేరి రెండోవాణ్ణి పట్టుకున్నట్టు. గొడవ ఆగదు, పెద్దదవుతుంది.

ఇంకో సంగతి. మీరు అసహ్యించుకునే భాగం మీలో ఎక్కువకాలంగా సెలవు లేకుండా పనిచేస్తున్నదై ఉండొచ్చు. అది చేసే పని ఇప్పుడు మీకు నష్టమే కావచ్చు. కానీ ఆ పనిలో చేరిన రోజున దానికి కారణం ఉంది.

ఏ భాగం మాట్లాడుతోందో పట్టుకోవడం ఎలా?

మాటల్ని బట్టి పట్టుకోలేం. మాటలు ఎవరైనా బాగానే చెప్తారు. ఒంటిని చూడాలి.

నా సంగతే చెప్తాను. ఒక సాయంత్రం ఫోన్ మోగింది. దగ్గరి బంధువు. వారాంతంలో రెండు రోజులు పట్టే పనొకటి చేసిపెట్టమన్నారు. 'సరేలే, దాందేముంది' అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు మామూలుకంటే ఒక మెట్టు పైనుంది. అవతల ఎవరూ జోకేయకపోయినా చివర్లో ఒక నవ్వు కూడా వచ్చింది. ఫోన్ పెట్టేసి చూసుకుంటే ఎడమచేతి బొటనవేలు పిడికిలి లోపల ఇరుక్కుని ఉంది, గట్టిగా. పది నిమిషాల తర్వాత గిన్నెలు కడుగుతుంటే చప్పుడు ఎక్కువైంది. దవడ బిగుసుకుంది. లోపల లెక్క మొదలైంది: పోయినసారి నేను అడిగితే ఏమన్నారు? అంతకుముందు? పెళ్ళప్పుడు?

ఆ పది నిమిషాల్లో ఇద్దరు వచ్చి వెళ్ళారు. మొదటివాడికి 'సరేలే' అని పేరు పెట్టాను. రెండోవాడు పద్దులు రాసేవాడు. సరేలేకి పైగొంతు, పిడికిలి. పద్దులవాడికి దవడ, చప్పుడు. ఈ గుర్తులు తెలిశాక వాళ్ళు వస్తుండగానే పట్టుకోవడం కొంచెం వచ్చింది. కొంచెమే, ఎప్పుడూ కాదు.

పేరు పెట్టడం పిల్లచేష్టలా అనిపించొచ్చు. కానీ భావానికి మాట తగిలిస్తే దాని ఉధృతి తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో స్కానింగ్‌లో చూపించింది. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల్ని చూపించి, ఆ భావం పేరు ఎంచుకోమన్నప్పుడు మెదడులో అమిగ్డాలా అనే అలారం గంటలాంటి చోటు కాస్త నెమ్మదించింది. పేరు అందంగా ఉండక్కర్లేదు. తెలిసినవాళ్ళొకరు తనలోని తొందరని 'ప్రెషర్ కుక్కర్' అంటారు.

సరే, పట్టుకున్నాను. తర్వాత ఏం చేయాలి?

మాట్లాడాలి. పైకి కాదు, కాగితం మీద. తలలో మాట్లాడితే రెండు వైపులా ఒకరే మాట్లాడేస్తారు, అదీ తిట్టేవాళ్ళే. కాగితం మీదైతే ఒక వాక్యం పూర్తయ్యేదాకా రెండోవాళ్ళు ఆగాల్సిందే.

పైన చెప్పిన ఫోన్ తర్వాతి రోజు నేను రాసుకున్నది, ఉన్నదున్నట్టు:

నేను: ఫోన్ రాగానే అంత తొందరగా సరే అన్నావెందుకు?
సరేలే: ఆలస్యం చేస్తే విసుగు గొంతులో తెలిసిపోతుంది.
నేను: తెలిస్తే ఏమవుతుంది?
సరేలే: ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది.
నేను: ఏ ఇల్లు?

ఇక్కడ పెన్ను ఆగిపోయింది. ఇప్పుడు నేనుంటున్న ఇల్లు కాదది. నాకు ఏడెనిమిదేళ్ళప్పటి ఇల్లు. పెద్దవాళ్ళకి కోపమొస్తే అరుపులుండేవి కావు, రెండు మూడు రోజులు ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నవ్వుతూ అన్నిటికీ సరే అనే పిల్లవాడుంటే ఆ నిశ్శబ్దం కాస్త త్వరగా విడిపోయేది. సరేలే అప్పుడు ఉద్యోగంలో చేరాడు. వాడి లెక్కలో నాకు ఇప్పటికీ ఏడెనిమిదేళ్ళే.

పద్దులవాడితో మాట నాలుగు రోజుల తర్వాత కుదిరింది. వాణ్ణి నేను ఎప్పుడూ చిన్నబుద్ధి అనుకునేవాణ్ణి. వాడు చెప్పింది ఒక్కటే వాక్యం: 'నేను రాయకపోతే నీకు ఏం జరిగిందో గుర్తుంచుకునేవాళ్ళెవరు?' వాణ్ణి అసహ్యించుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది. సరేలే ఒప్పుకున్న ప్రతిదానికీ బిల్లు పద్దులవాడు రాస్తున్నాడు. ఇద్దరూ శత్రువులు కారు, ఒకే ఆఫీసులో పగటి షిఫ్టు ఒకడిది, రాత్రి షిఫ్టు ఒకడిది.

రాసేటప్పుడు మూడు ప్రశ్నలు సరిపోతాయి. నువ్వు ఏం పని చేస్తున్నావు? ఆ పని మానేస్తే ఏం జరుగుతుందని నీ భయం? ఎప్పట్నుంచి చేస్తున్నావు? రెండో ప్రశ్న దగ్గర తొందరపడకండి. అసలు సంగతి చాలాసార్లు అక్కడే ఉంటుంది.

రాత గురించి ఒక మాట. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు తమ మనసు గాయాల గురించి రాశారు. సంఘటనతో పాటు తమ భావాలూ రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ళకి దిగులుగానే ఉంది. మీకూ అలా ఉంటే తప్పుదారి పట్టారనుకోకండి.

రెండు కుర్చీల పద్ధతి అని విన్నాను, అదేంటి?

ఒక కుర్చీలో కూర్చుని ఒక భాగంగా మాట్లాడతారు, లేచి ఎదుటి కుర్చీలో కూర్చుని రెండో భాగంగా జవాబిస్తారు. ఫ్రిట్జ్ పర్ల్స్ అనే థెరపిస్టు నడిపిన గెస్టాల్ట్ థెరపీతో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. లోపల 'చెయ్యాల్సిందే' అని గద్దించేవాడు ఒకడు, 'చేస్తాలే, రేపు' అని తప్పించుకునేవాడు ఒకడు ఉంటారని, చివరికి ఎక్కువగా గెలిచేది రెండోవాడేనని పర్ల్స్ అనేవాడు. వాయిదాలు వేసే అలవాటున్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒంటరిగా చేయడం నాకు ఎబ్బెట్టుగా అనిపించింది. థెరపిస్టు ఎదురుగా ఉంటే బాగుంటుంది.

నన్ను రోజంతా తిట్టే గొంతు ఒకటుంది. దాంతో కూడా మర్యాదగా మాట్లాడాలా?

మర్యాదగానే, కానీ వెంటనే నమ్మేయక్కర్లేదు. 'నువ్వెందుకూ పనికిరావు' అనే గొంతు చాలామందిలో ఒక మేనేజర్. దాని లాజిక్ ఇది: బయటివాళ్ళు తిట్టేలోపు నేనే తిట్టేస్తే వీడు జాగ్రత్తగా ఉంటాడు, అప్పుడు దెబ్బ తగలదు. కాపాడుతున్నాననుకుంటూ అందరికంటే ఎక్కువ కొట్టేది అదే.

దాని మాటలు ఎవరి గొంతులో వినిపిస్తున్నాయో ఒకసారి చూడండి. చాలామందికి పోలిక దొరుకుతుంది. దొరికాక ఆ మనిషి మీద కోపం వస్తుంది, అది సహజం. కానీ అక్కడే ఆగిపోతే పని పూర్తికాదు. ఆ మనిషి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయినా గొంతు మాత్రం ఇక్కడే ఉంది.

చిన్న ఉపాయం ఒకటుంది. అలాంటప్పుడు మిమ్మల్ని మీరు 'నేను' అని కాకుండా మీ పేరుతో పిలుచుకుని మాట్లాడండి, స్నేహితుడితో మాట్లాడినట్టు. ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో నలుగురి ముందు మాట్లాడే ముందు ఇలా పేరుతో మాట్లాడుకున్నవాళ్ళు, 'నేను, నాకు' అనుకున్నవాళ్ళకంటే తక్కువ టెన్షన్ పడ్డారు. మరీ చిన్న మార్పు కదా అని నేనూ కొట్టిపారేశాను. ఇప్పుడు వాడుతున్నాను.

ఇంట్లో ఒకలా, ఆఫీసులో ఒకలా, స్నేహితుల దగ్గర ఇంకోలా ఉంటాను. ఇది నటనేనా?

కానక్కర్లేదు. ఒక మనిషిని ఎంతమంది గుర్తిస్తారో అతనికి అన్ని సామాజిక రూపాలుంటాయని అమెరికన్ సైకాలజిస్టు విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. యుంగ్ దీన్ని 'పెర్సోనా' అన్నాడు, నాటకంలో నటులు పెట్టుకునే ముసుగు పేరది. ముసుగు అవసరమే. ఇంటికొచ్చాక కూడా ఊడిరాకపోతేనే ఇబ్బంది.

నేను చూసుకునేది ఒకటే. ఈ మూడు చోట్లవాళ్ళు పొరపాటున ఒకే గదిలో కలిస్తే నాకు ఎంత చెమట పడుతుంది? కాస్త ఇబ్బందైతే పర్వాలేదు. పారిపోవాలనిపిస్తే ఎక్కడో అబద్ధం ఉంది.

ఇంతమంది ఉంటే మరి అసలు 'నేను' ఎవరు?

దీనికి తత్వవేత్తలే ఒక మాట మీద లేరు, నేనెంత. ష్వార్ట్స్ అయితే భాగాలన్నీ కాస్త పక్కకి జరిగితే మిగిలే నెమ్మది, కుతూహలం, దయ ఉన్న స్థితినే 'సెల్ఫ్' అంటాడు. అది నిజంగా వేరే వస్తువో, లేక భాగాలు అరవడం ఆపినప్పటి నిశ్శబ్దమో నాకు తేలలేదు. పనికి మాత్రం ఆయన చెప్పిన పరీక్ష బాగుంది: ఎదురుగా ఉన్న భాగం మీద ఇప్పుడు మీకేమనిపిస్తోంది? విసుగో, అసహ్యమో, జాలో అయితే మాట్లాడుతున్నది మీరు కాదు, ఇంకో భాగం. 'అవునా, ఎందుకలా?' అని నిజంగా తెలుసుకోవాలనిపిస్తే మీరు వచ్చినట్టు.

రెండు కోరికలూ నిజమైనవే. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఎలా?

ఉద్యోగం మానాలా వద్దా, ఈ బంధంలో ఉండాలా వద్దా, ఇలాంటివాటిలో అడకత్తెరలో పోకచెక్క అయిపోతాం. దూరం నుంచి చూస్తే ఆశ పెద్దదిగా ఉంటుంది. దగ్గరికెళ్ళేకొద్దీ భయం పెరుగుతుంది, అదీ ఆశకంటే వేగంగా. నీల్ మిల్లర్ అనే సైకాలజిస్టు 1940లలో ఈ లెక్క చెప్పాడు. రాజీనామా ఉత్తరం ఆర్నెల్లు ధైర్యంగా తలుచుకున్న మనిషి, 'పంపు' బటన్ మీద వేలు పెట్టగానే వెనక్కి తగ్గడం అందుకే. పిరికితనం అనుకోకండి. వెనక్కి వచ్చాక మళ్ళీ ఆశ పెద్దదవుతుంది, మళ్ళీ బయల్దేరతారు. కొందరి జీవితంలో పదేళ్ళు ఇలా ముందుకీ వెనక్కీ నడవడంలోనే గడిచిపోతాయి.

ఇక్కడ చుట్టుపక్కలవాళ్ళు చేసే తప్పొకటుంది. ఒక వైపు గట్టిగా వాదిస్తారు. తాగుడు మానాలనుకునేవాళ్ళతో పనిచేసిన విలియం మిల్లర్ దీన్ని బాగా పట్టుకున్నాడు. మానమని కౌన్సెలర్ ఎంత వాదిస్తే, ఎదుటి మనిషి మానకపోవడానికి అన్ని కారణాలు చెప్తాడు. ఊగిసలాటలో ఉన్న మనిషిలో రెండు వైపులూ ఉన్నాయి, ఒక వైపు మీరు తీసేసుకుంటే అతనికి మిగిలేది రెండోదే. లోపల కూడా అంతే జరుగుతుంది. మిమ్మల్ని మీరు ఎంత తోస్తే అంత ఎదురుతిరుగుతారు.

నేను చేసేది: నిర్ణయాన్ని వారం పక్కన పెట్టి, రెండు వైపులా విడివిడిగా, రెండు వేర్వేరు రోజుల్లో రాస్తాను. ఒకే రోజు రాస్తే వాదన అయిపోతుంది. వద్దనే భాగాన్ని 'ఏం జరిగితే ఒప్పుకుంటావు?' అని అడుగుతాను. దానికి తరచుగా చాలా చిన్న షరతే ఉంటుంది, ఆర్నెల్లకి సరిపడా డబ్బో, ఒక మనిషికి ముందుగా చెప్పడమో.

ఎదుటివాళ్ళలో ఒక గుణం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మంటకీ నా లోపలి భాగాలకీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. అడిగినదానికి నిర్మొహమాటంగా 'కుదరదు' అనేవాళ్ళంటే నాకు విపరీతమైన చిరాకు ఉండేది. ఎంత పొగరు అనుకునేవాణ్ణి. సరేలే సంగతి తెలిశాక ఆ చిరాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది. అయితే ప్రతి కోపానికీ ఇదే సూత్రం అన్వయించకండి. ఎవరైనా మిమ్మల్ని నిజంగా బాధపెడుతుంటే, 'ఇది నా నీడే' అని సర్దుకుపోవడం ప్రమాదం. వ్యవహారానికి మించిన మంట ఉన్నప్పుడే లోపల వెతకాలి.

'అది నేను కాదు, నాలోని కోపం చేసింది' అనడానికి ఇదొక సాకు కాదా?

అలా వాడేవాళ్ళున్నారు. వాళ్ళతో వాదించడం కూడా కష్టం, పదాలన్నీ సరిగ్గానే వాడతారు. కానీ చెయ్యి ఒక్కటే. ఏ భాగం గ్లాసు విసిరినా పగిలిన ముక్కలు ఏరాల్సింది మీరే, క్షమాపణ చెప్పాల్సిందీ మీరే. భాగాల భాష మిమ్మల్ని మీరు అర్థం చేసుకోవడానికి. ఎదుటివాళ్ళకి సంజాయిషీగా చెప్పడానికి కాదు. గొడవ మధ్యలో భార్యతోనో భర్తతోనో 'ఇప్పుడు మాట్లాడేది నీలో ఏ భాగం?' అని మాత్రం దయచేసి అడగకండి. నేను అడిగాను.

కలిసిపోయాయని ఎలా తెలుస్తుంది? ఎన్నాళ్ళు పడుతుంది?

కలిసిపోవడం అన్న మాటే నాకు అంత నచ్చదు. పంచదార నీళ్ళలో కరిగినట్టు భాగాలు కరిగిపోవు. ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం మొదలవుతుంది, అంతే.

నాకు తెలిసింది ఇలా. అదే బంధువు ఏడాది తర్వాత మళ్ళీ ఫోన్ చేసి ఇంకో పని అడిగారు. పిడికిలి బిగుసుకుంటుండగానే తెలిసింది. 'ఇప్పుడే చెప్పలేను, రేపు పొద్దున ఫోన్ చేస్తాను' అన్నాను. గొంతు కొంచెం వణికింది. అవతల ఒక క్షణం నిశ్శబ్దం. సరేలేకి ప్రాణం పోయినంత పనైంది. తర్వాత ఆయన 'అలాగే' అని పెట్టేశారు. మర్నాడు సగం పని చేస్తానని, మిగతా సగం కుదరదని చెప్పాను. ఆ రోజు గిన్నెల చప్పుడు లేదు. పద్దులవాడికి రాయడానికి ఏమీ దొరకలేదు.

ఎన్నాళ్ళంటే చెప్పలేను. నాకు ఈ ఒక్క జంటతోనే రెండేళ్ళు పట్టింది. అలారం గొడవ ఇంకా నడుస్తోంది.

ఒంటరిగా చేసుకోవచ్చా, లేక డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా?

రోజువారీ ఊగిసలాట, వాయిదాలు, అతి మొహమాటం ఇలాంటివైతే మీరే మొదలుపెట్టొచ్చు. చిన్నప్పటి హింస, వేధింపుల లాంటి గాయాలుంటే ఒంటరిగా తవ్వకండి. వెలివేతలో ఉన్న భాగం ఒక్కసారిగా బయటికొస్తే పట్టుకోవడానికి పక్కన తర్ఫీదు ఉన్న మనిషి ఉండాలి. జ్ఞాపకాల్లో ఖాళీలు, బయటినుంచి వినిపించే గొంతులు, నిద్ర లేకపోయినా తగ్గని హుషారు ఉంటే సైకియాట్రిస్టుని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆ భాగంతో కాగితం మీద మాట్లాడుతూ కూర్చోకండి. వెంటనే దగ్గరివాళ్ళకి చెప్పి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

రాసిన కాగితాలు ఏం చేయాలి?

మీ ఇష్టం. ఎవరైనా చదువుతారన్న భయముంటే చింపేయండి, ఎందుకంటే భయంతో రాస్తే అందులో మళ్ళీ మేనేజరే కనిపిస్తాడు. నావి ఒక పాత ఫైల్లో ఉన్నాయి. మొన్న తీసి చూస్తే, సరేలే చెప్పిన వాక్యాల్లో మాత్రం అక్షరాలు గుండ్రంగా, ఒద్దికగా, గీత దాటకుండా ఉన్నాయి. మిగతాదంతా నా మామూలు కోడిగీతలే. రాసేటప్పుడు నేనది గమనించలేదు.